జెట్టీకి కట్టేసిన ఓడలు
(స్మారకోపన్యాస పాఠం)

పోయినవారి పేరు మీద బతికున్నవాళ్లు ఒక ప్రశ్నను తీరిగ్గా తిరగేసి చూసుకునే సందర్భమే స్మారకోపన్యాసం. అందుకే పొగడ్తలతో కాలం గడపకుండా నేరుగా ప్రశ్నలోకి వస్తాను. ఒక చిన్న దేశం తన సముద్రాన్ని కాపు కాసుకోవాలంటే ముందు ఏది సమకూర్చుకోవాలి, ఓడలనా, వాటిని నడిపే మనుషులనా? వినగానే ‘రెండూ’ అనాలనిపిస్తుంది. నిజమే, రెండూ కావాలి. కానీ ఏ ఖజానా అయినా ఒక ఏడాదిలో ఒకదానికే పెద్దపీట వేయగలదు. ఏది ముందు, ఏది వెనక అన్న చోటే ప్రభుత్వాల వివేకం బయటపడుతుంది. ఓడ కొంటే ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటోలుంటాయి. ఇంజిన్ గదిలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మెకానిక్ మరో మూడేళ్లు ఉండిపోయేలా జీతం పెంచితే ఏ ఫొటో ఉండదు. ఫొటో లేని ఆ ఖర్చే ముందు పెట్టాలి, ఓడ దాని వెనక రావాలి అన్నది నా వాదన. ఇందుకు ఐర్లండ్ అనుభవాన్ని సాక్ష్యంగా తీసుకుంటున్నాను.

ఐర్లండ్ జనాభా యాభై లక్షల పైచిలుకు. భూభాగం సుమారు 70,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణ కంటే చిన్నది. ఖండతీరపు అంచును కూడా కలుపుకుంటే ఆ దేశం తనదని చెప్పుకునే సముద్రం మాత్రం సుమారు 8,80,000 చదరపు కిలోమీటర్లు, నేలకు పన్నెండు రెట్లకు పైగా నీరు. అదీ ఉత్తర అట్లాంటిక్ నీరు. శీతకాలపు పోటులో పెద్ద ఓడలే ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిచే చోటు. యూరప్‌ను అమెరికాతో కలిపే సముద్రగర్భ కేబుళ్లలో అధిక భాగం ఆ నీళ్ల గుండానో, పక్కగానో పోతాయి. 2022 జనవరిలో రష్యా నౌకాదళం ఐర్లండ్ ప్రత్యేక ఆర్థిక మండలంలో ఆయుధ విన్యాసాలు ప్రకటించింది. తమ వలలు ఉన్న చోటి నుంచి కదిలేది లేదని దక్షిణ తీరపు మత్స్యకారులు పట్టుబట్టాక, వాటిని ఆ మండలం అవతలికి జరిపింది. 2024 నవంబరులో యాంతర్ అనే రష్యా ఓడ ఐరిష్ సముద్రంలో కేబుళ్లున్న ప్రాంతంలో తచ్చాడితే నౌకాదళం దాని వెంట ఉండి బయటకు సాగనంపాల్సి వచ్చింది. ఐర్లండ్ నాటోలో లేదు, ఏ సైనిక కూటమిలోనూ చేరకుండా తటస్థంగా ఉంటానన్న దేశం. తటస్థంగా ఉండే దేశానికి కాపలా ఖర్చు తగ్గదు. దానిని పంచుకునేవాళ్లు తగ్గుతారు.

ఆ దేశపు నౌకాదళం 1946లో శాశ్వత రూపం తీసుకుంది. బ్రిటన్ నుంచి కొన్న మూడు యుద్ధకాలపు కార్వెట్లతో మొదలైంది. వాటిలో మాఖా అనే ఓడకు ఒక సాహిత్య గౌరవం కూడా దక్కింది. ఫ్రాన్స్‌లో కన్నుమూసిన కవి యేట్స్ భౌతికకాయాన్ని 1948లో స్వదేశానికి తెచ్చింది అదే. మూడు ఓడలూ ఏళ్ల తరబడి అరిగిపోయి, 1970ల ఆరంభానికి ఒక్కొక్కటిగా తుక్కుకు వెళ్లాయి. 1973లో ఐర్లండ్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరింది, తర్వాత చేపల వేట హద్దు 200 నాటికల్ మైళ్లకు పెరిగింది, కాపలా బాధ్యత ఒక్కసారిగా మీద పడింది. కార్క్ దగ్గరి వెరోల్మ్ డాక్‌యార్డ్‌లో డీర్డ్రాతో మొదలుపెట్టి కొత్త గస్తీ ఓడలు వరసగా కట్టారు. 1984లో హెలికాప్టర్ దిగగల ఎత్నా వచ్చింది. 1999 నుంచి రోషీన్, నీవ్ వచ్చాయి. 2014 నుంచి రచయితల పేర్లు పెట్టుకున్న నాలుగు ఓడలు వచ్చాయి: శామ్యూల్ బెకెట్, జేమ్స్ జాయిస్, విలియం బట్లర్ యేట్స్, జార్జ్ బెర్నార్డ్ షా. ఒక్కొక్కటి 90 మీటర్ల పొడవు, ముందు భాగంలో 76 మిల్లీమీటర్ల ఫిరంగి, ఖరీదు సుమారు ఏడు కోట్ల యూరోలు. ఓడల పరంగా చూస్తే ఆ దళం చరిత్రలో ఇంత మంచి రోజులు ఎప్పుడూ లేవు.

సరిగ్గా ఆ మంచి రోజుల్లోనే సిబ్బంది తరిగిపోయారు. దళానికి మంజూరైన బలం 1,094. ఈ దశాబ్దపు ఆరంభ సంవత్సరాల్లో అది ఎనిమిది వందల దిగువకు జారింది, అంటే నాలుగో వంతుకు పైగా ఖాళీ. 2019లో ఎత్నా, ఓర్లా అనే రెండు ఓడలను సిబ్బంది చాలక జెట్టీకి కట్టేశారు. ఎత్నా మళ్లీ గస్తీకి బయలుదేరలేదు. 2022లో దానితో పాటు ఓర్లా, కీరాలను కూడా సేవ నుంచి తప్పించారు. మిగిలిన ఆరింటిలో రోషీన్‌ను పక్కన పెడుతున్నట్టు, యేట్స్‌ను మరమ్మతు ముగిశాక పక్కన పెట్టనున్నట్టు 2023 జనవరిలో ప్రకటించారు. ఆ నిర్ణయానికి కారణం ఇంజిన్లు చెడిపోవడం కాదు, డబ్బు లేకపోవడం అంతకన్నా కాదు. వాటిని నడిపే చేతులు లేవు. ఇంకో వింత ఉంది. సముద్రంలో తిప్పడానికి మనుషులు చాలని ఆ కాలంలోనే ప్రభుత్వం న్యూజిలాండ్ నుంచి రెండు పాత తీర గస్తీ ఓడలను 2.6 కోట్ల యూరోలకు కొన్నది. అవి 2023 మేలో మరో పెద్ద ఓడ మీదెక్కి కార్క్ చేరాయి. ఈవిన్, గొబ్‌నెట్ అని పేర్లు పెట్టి వాటిని అధికారికంగా దళంలోకి తీసుకున్నది 2024 సెప్టెంబరులో. రేవు చేరిన ఓడ దళంలో చేరడానికి పదహారు నెలలు.

‘ఎనిమిది వందల మంది ఉన్నారు కదా, ఆరు ఓడలు నడవవా?’ అని ఎవరికైనా సందేహం రావచ్చు. ఇక్కడ లెక్క కాస్త ఓపికగా చూడాలి. బెకెట్ తరగతి ఓడకు 44 మంది కావాలి. సముద్రంలో రెండేళ్లు, ఒడ్డున రెండేళ్లు అన్న వంతు పద్ధతి పాటిస్తే ఒక్క ఓడకు రెండు జట్ల మనుషులు, అంటే 88 మంది ఉండాలి. ఒడ్డున ఉన్నవాళ్లు ఖాళీగా ఉండరు. మరమ్మతులు, శిక్షణ, స్టోర్లు, సమాచార కేంద్రం, కొత్తవాళ్లకు పాఠాలు, అన్నీ వాళ్ల మీదే. ఆరు ఓడలకు ఇలా ఐదు వందల పైచిలుకు, వాటితో పాటు చిన్న ఓడలు, స్థావరం, కార్యాలయం, శిక్షణలో ఉన్న పిల్లలు. ఇలా కూడితే 1,094 అన్నది విలాసం కాదని తెలుస్తుంది. అదీగాక ఖాళీలు అన్ని చోట్లా సమంగా పడవు. వంద మంది డెక్ సిబ్బంది ఉన్నా, ఇంజిన్ గది బాధ్యత తీసుకోగల అర్హత ఉన్న ఒక్కడు లేకపోతే ఓడ కదలదు. ఎలక్ట్రికల్ టెక్నీషియన్, రాడార్, రేడియో చూసేవాడు, వంటవాడు, ఇలా ప్రతి పనికీ ఒక పేరు ఎదురుగా ఉండాలి. బండికి నాలుగు చక్రాలూ ఉండి ఇరుసు సీల లేకపోతే ఎంత దూరం పోతుంది? సగటు లెక్కలు దాచిపెట్టేది ఆ సీల సంగతినే.

మరి ఎందుకు వెళ్లిపోతున్నారు? దేశభక్తి తగ్గిందనడం తేలిక. కారణం వెతకాలంటే స్థావరం ఎక్కడుందో చూస్తే చాలు. నౌకాదళానికి ఉన్న ఏకైక స్థావరం కార్క్ రేవులోని హాల్‌బోలిన్ దీవి. దానికి ఎదురుగా కనిపించే ఊరు రింగస్కిడ్డీ. ఫైజర్ వంటి బహుళజాతి ఔషధ సంస్థల పరిశ్రమలు దశాబ్దాలుగా పాతుకున్న చోటు. పంపులు, వాల్వులు, జనరేటర్లు, కంట్రోల్ ప్యానెళ్లు తెలిసిన మనిషి ఆ ఫ్యాక్టరీలకు కావాలి, ఓడకూ కావాలి. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగితే ఇల్లు, పెళ్లాం పిల్లలు. ఓడ ఎక్కితే వారాల తరబడి అట్లాంటిక్. ప్రభుత్వం ఖర్చు పెట్టి తీర్చిదిద్దిన టెక్నీషియన్‌ను పక్క గట్టు మీది యజమాని ఒక్క ప్రకటనతో పట్టుకుపోతాడు. దానికి తోడు ఒక విషవలయం ఉంది. పదిమంది చేసే పనిని ఏడుగురు చేస్తుంటే, ఒడ్డున ఉండాల్సిన రెండేళ్లలోనూ ‘ఈ ఒక్క ట్రిప్పుకు రా’ అని పిలుపు వస్తుంది. అలా నాలుగుసార్లు వెళ్లినవాడు ఐదోసారి రాజీనామా ఇస్తాడు. మిగిలిన ఆరుగురి మీద ఏడో మనిషి బరువు పడుతుంది. ఆర్థిక మాంద్యం తర్వాత ప్రభుత్వోద్యోగుల జీతభత్యాల్లో పడ్డ కోతలు ఈ మంటకు గాలి ఊదాయి.

మనుషులే దళం అనడానికి మన దేశానికి సంబంధమున్న ఒక ఘట్టం సాక్ష్యం చెబుతుంది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఐర్లండ్ నైరుతి తీరానికి దూరంగా సముద్రం మీద బాంబు పేలి కూలిపోయింది. 329 మంది మరణించారు. దొరికినవి 131 మృతదేహాలు. ఆ నీళ్లలో గాలింపునకు నడుం కట్టిన ఓడల్లో ఐర్లండ్ గస్తీ ఓడ ఆష్లింగ్ ఒకటి. దాని నావికులు చిన్న రబ్బరు పడవల్లో దిగి, ఎగసే అలల మధ్య ఎవరి బిడ్డలో తెలియని మన వాళ్లను ఒక్కొక్కరినీ చేతులతో పైకి తీశారు. వారిలో కొందరికి ఆ దేశం విశిష్ట సేవా పతకాలిచ్చింది. ఇక ఆ ఓడ సంగతి. 2017లో దానిని వేలంలో 1,10,000 యూరోలకు అమ్మేశారు. చేతులు మారి, చివరికి లిబియా తూర్పు ప్రాంతపు సైనిక నాయకుడు హఫ్తార్ బలగాల్లో అల్ కరామా పేరుతో తేలింది. ఉక్కుకు జ్ఞాపకం లేదు. కొన్నవాడి మాట వింటుంది. ఆ రోజు ఆ నీళ్లలో కనబడిన ఓర్పు, నేర్పు ఓడతో పాటు అమ్ముడుపోలేదు, పోవు కూడా. అవి ఒక తరం నావికుల నుంచి మరో తరానికి పక్కన నిలబడి నేర్పితేనే అందుతాయి. మధ్యలో ఒక తరం వెళ్లిపోతే ఆ గొలుసు తెగుతుంది.

ఇప్పుడు నా వాదనకు వచ్చే అభ్యంతరాలు చూద్దాం. మొదటిది బలమైనదే. ‘తుప్పు పట్టిన ఓడల్లో పనిచేయడానికి యువకులు ఎందుకు వస్తారు? కొత్త ఓడలు, కొత్త పరికరాలు ఉంటేనే చేరతారు. కాబట్టి ఓడలే ముందు.’ ఇందులో సగం నిజముంది. పడక సరిగా లేని, ఫోన్ సిగ్నల్ అందని పాత ఓడ ఎవరినీ ఆకర్షించదు. అయితే ఐర్లండ్ ఈ ప్రయోగం చేసి చూసింది. 2014 తర్వాత ఐదేళ్లలో నాలుగు కొత్త ఓడలు వచ్చాయి, బలం అదే ఐదేళ్లలో నిలబడలేదు. కొత్త ఓడ చేరేవాణ్ణి లోపలికి తెస్తుందేమో, పదేళ్లు చేసినవాణ్ణి ఆపదు. దళానికి కొరత వచ్చింది ఆ రెండో మనిషి దగ్గర. బెకెట్‌కు 2010 అక్టోబరులో ఒప్పందం కుదిరితే 2014 మేలో దళంలోకి వచ్చింది, అంటే మూడున్నరేళ్లు. ఇంజిన్ గదికి బాధ్యత వహించే పెట్టీ ఆఫీసర్ తయారవ్వాలంటే దాదాపు పదేళ్లు. తయారీకి ఎక్కువ కాలం పట్టేదాన్నే ముందు కాపాడుకోవాలన్నది ఏ రైతునడిగినా చెబుతాడు. దుక్కిటెద్దు పోతే ఏడాది, మామిడి చెట్టు పోతే తరం.

రెండో అభ్యంతరం యంత్రాల పక్షాన వస్తుంది. మనుషులు తక్కువైతే ఆటోమేషన్ ఉంది, డ్రోన్లున్నాయి, ఉపగ్రహాలున్నాయి కదా అని. ఎత్నాకు దాదాపు ఎనభై మంది కావాల్సి ఉంటే, దానికన్నా పొడవైన బెకెట్ 44 మందితో నడుస్తుంది, ఒప్పుకుందాం. కానీ సిబ్బందిని తగ్గించే కొద్దీ మిగిలిన ప్రతి మనిషి విలువా పెరుగుతుంది. ఎనభైలో ఒకడు జ్వరపడితే సర్దుకోవచ్చు, నలభై నాలుగులో ఒకడు లేకపోతే ఓడ ఆగుతుంది. పరికరాలదీ అదే తీరు. ఐర్లండ్ గస్తీ ఓడల మీద నీటి అడుగున వినే సోనార్ లేదు. ఓడ వెనక తాడుకు కట్టి లాగే సోనార్ కోసం 2025లో థేల్స్ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు, 2027లో అందుతుందంటున్నారు. అవసరమైన కొనుగోలే. కానీ సోనార్ తెర మీద గీతను చూసి అది తిమింగలమో, చేపల గుంపో, జలాంతర్గామో చెప్పే చెవి కొనుగోలు పత్రంలో ఉండదు. ఆ విద్య ఇప్పుడు దళంలో లేదు, మొదటి నుంచి పెంచుకోవాలి. పైగా అనుమానాస్పద ఓడను డ్రోన్ చూడగలదు కానీ ఎక్కలేదు. 2023 సెప్టెంబరులో ఎంవీ మాథ్యూ అనే సరకు ఓడను ఆపడానికి యేట్స్ హెచ్చరిక కాల్పులు జరిపింది, సైన్యపు రేంజర్లు హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని డెక్ మీదికి దిగారు. 2.2 టన్నుల కొకైన్ దొరికింది, విలువ 15.7 కోట్ల యూరోలు, ఆ దేశ చరిత్రలోనే అతి పెద్ద పట్టివేత. జనవరిలో పక్కన పెట్టేద్దామన్న ఓడే సెప్టెంబరులో ఆ పని చేసిందని మరిచిపోకూడదు. దానికి ఆ నెలలో మనుషులు దొరికారు కాబట్టి చేసింది.

మూడోది ‘చిన్న దేశానికి ఇంత తాపత్రయం ఎందుకు, పెద్ద దేశాలు ఓడలిస్తాయి, కాపలా కాస్తాయి’ అనే మాట. ఇందులో మన విశాఖకు సంబంధించిన కథ ఒకటుంది. లక్ష జనాభా ఉన్న సీషెల్స్‌కు భారత్ 2005లో తార్ముగ్లి అనే గస్తీ ఓడను ఇచ్చింది. అది టోపాజ్ పేరుతో సోమాలియా సముద్రపు దొంగలను ఎదుర్కొంది, బందీలను విడిపించింది. తర్వాత తిరిగివచ్చి 2016లో విశాఖపట్నంలో పాత పేరుతోనే మళ్లీ మన నౌకాదళంలో చేరింది. ఇచ్చిన ఓడ అక్కడ పనిచేయడానికి కారణం ఓడతో పాటు శిక్షణ, మరమ్మతు సాయం కూడా వెళ్లడం. ఆస్ట్రేలియా 1987-97 మధ్య పన్నెండు పసిఫిక్ దేశాలకు 22 గస్తీ పడవలిచ్చినప్పుడు తన నౌకాదళ సలహాదారులను కూడా పంపింది. దానం చేసే దేశాలకు కూడా తెలుసు, ఓడ ఒక్కటే ఇస్తే అది రేవులో తుప్పు పడుతుందని. ఇక పెద్దవాళ్ల అండ ఎంత గట్టిదో చూడాలంటే న్యూజిలాండ్‌ను చూడండి. ఐర్లండ్‌కు పాత ఓడలమ్మిన ఆ దేశమే సిబ్బంది చాలక 2022 నాటికి మూడు ఓడలను కట్టేసుకుంది. 2024 అక్టోబరులో దాని సర్వే ఓడ మానవనుయి సమోవా దగ్గర దిబ్బ మీదికెక్కి మునిగిపోయింది. ఆటోపైలట్ తీసేయకుండానే చుక్కాని పని చేయడం లేదనుకున్నారని, శిక్షణలో, అనుభవంలో లోపాలున్నాయని విచారణ తేల్చింది. అందులో ఉన్న 75 మందీ బతికి బయటపడటం అదృష్టం. అనుభవజ్ఞులు పలచబడిన దళానికి ఓడలు కట్టేసుకోవడం చిన్న నష్టమే. అనుభవం లేకుండా నడపడం పెద్ద నష్టం.

చివరి అభ్యంతరం ఖజానా వైపు నుంచి వస్తుంది. నావికులకు జీతం పెంచితే సైనికులు అడుగుతారు, వాళ్లను చూసి పోలీసులు, నర్సులు అడుగుతారు, అంతం ఎక్కడ అని. ఈ భయంతోనే ప్రభుత్వాలు జీతాన్ని ముట్టుకోకుండా చుట్టూ చిన్న చిన్న తాయిలాలు పెడతాయి. ఐర్లండ్ సముద్ర సేవకు పన్ను రాయితీ ఇచ్చింది, రెండేళ్లు ఓడ ఎక్కుతానని ఒప్పుకుంటే 10,000 యూరోలిచ్చే పథకం పెట్టింది. మంచివే, కానీ వారాల తరబడి కుటుంబానికి దూరంగా ఉండే పనికి, ఇంటికి దగ్గరగా ఉండే పనికి ఒకే కొలబద్ద వాడడమే అసలు పొరపాటు. సముద్రంలో గడిపే రోజుకు వేరే విలువ కట్టడం మిగతా ఉద్యోగులకు అన్యాయం కాదు. ఆ రోజులు వాళ్లకు లేవు కాబట్టి పోలికే రాదు. ఏడు కోట్ల యూరోల ఓడను జెట్టీకి కట్టి ఉంచినా దాని విలువ తరుగుతూనే ఉంటుంది, ఇంజిన్లను అప్పుడప్పుడు తిప్పాలి, అడుగును గోకాలి, కాపలా పెట్టాలి. ఆ వృథాలో చిన్న భాగం జీతంగా ఇస్తే ఓడ కదిలేది. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడాడన్న మన సామెత ఇలాంటి లెక్కల్ని చూసే పుట్టి ఉంటుంది.

రక్షణ దళాల కమిషన్ 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక ఈ దిశలోనే ఒక మంచి మాట చెప్పింది. తొమ్మిది ఓడల దళం కావాలని, ఓడకు రెండు సిబ్బంది జట్లు ఉండేలా ఏర్పాటు చేసుకోవాలని సూచించింది. జులైలో ప్రభుత్వం నివేదికలోని మధ్యస్థ లక్ష్యాన్ని అంగీకరించి, రక్షణ బడ్జెట్‌ను 110 కోట్ల యూరోల నుంచి 2028 నాటికి 150 కోట్లకు పెంచుతానంది. రెండు జట్ల పద్ధతి నా వాదనకు సరైన రూపం. ఒక జట్టు దిగగానే మరో జట్టు ఎక్కితే ఓడ ఎక్కువ రోజులు సముద్రంలో ఉంటుంది, మనిషి తక్కువ రోజులు ఉంటాడు, ఎప్పుడు ఇంటికి వస్తాడో పిల్లలకు ముందే తెలుస్తుంది. ఆరు ఓడలకు పన్నెండు జట్లు ఉన్న దేశం, తొమ్మిది ఓడలకు ఐదు జట్లు ఉన్న దేశం కన్నా పెద్ద నౌకాదళం గలది. అందుకే ఏ చిన్న దేశమైనా ఈ వరస పాటించాలని నా అభిప్రాయం. మొదట ఉన్న నిపుణులను నిలుపుకోవడానికి జీతం, ఇల్లు, ఖాయమైన సెలవు తేదీలు. తర్వాత వాళ్ల చేతికింద నేర్చుకునే కొత్తవాళ్లు. ఆ తర్వాత ఉన్న ఓడలకు కళ్లు, చెవులైన రాడార్లు, సోనార్లు. పూర్తి జట్టు సిద్ధంగా ఉన్నప్పుడే కొత్త ఓడకు ఆర్డరు. ఏ పార్లమెంటులోనైనా రక్షణ మంత్రి లేచి మన దళంలో ఇన్ని ఓడలున్నాయని చెప్పినప్పుడు, ఈ రాత్రి వాటిలో ఎన్ని బయలుదేరగలవని సభ్యులు అడగాలి. ఆ రెండో అంకెనే ఆ దేశపు నౌకాదళంగా లెక్కపెట్టాలి.